లెక్కలో ఎక్కువైన ఒక్కరి కోసం వెతికిన విమల గారు

గత వారం ఒక ఉదయం బేగంపేట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుండగా ప్రభుదాసు గారి నుంచి ఫోను వచ్చింది. ఆయన మా విమల గారి భర్త. నాకు నేరుగా ఎన్నడూ ఫోను చేసి ఎరుగరు.

"స్వప్నా, మీ మేడమ్ వెళ్లిపోయిందమ్మా" అన్నారు.

"ఎక్కడికి పోయిండ్రు సార్, ఇంత పొద్దుగాల?" అని అడిగాను.

అటువైపు నుంచి చాలాసేపు మాట వినిపించలేదు. జనం నన్ను తోసుకుంటూ దిగిపోతున్నారు. చివరికి ఆ మౌనమే నాకు వార్త చెప్పింది.

విమల గారికి ఏ జబ్బూ లేదు. కాప్రాలోని తమ ఇంట్లో టీ తాగి, పేపరు తిరగేస్తూ, గుండెల్లో బరువుగా ఉందన్నారట. అంబులెన్సు గేటు ముందు ఆగేసరికే ఊపిరి ఆగిపోయింది. మృత్యువు అనివార్యమని ఎరిగినవాళ్లమే అయినా, ఈ ఆకస్మిక వియోగాన్ని అంగీకరించడానికి మనసు మొరాయిస్తూనే ఉంది. ముందురోజు సాయంత్రమే ఆవిడ నన్ను ఫోనులో ఏదో ప్రశ్న అడిగారు. రేపు చూసి చెప్తానన్నాను. ఆ రేపు రానేలేదు.

రెజిమెంటల్ బజార్ దగ్గరి మా రక్తమార్పిడి కేంద్రానికి పిల్లల్ని తీసుకువచ్చే తల్లిదండ్రుల్లో చాలామందికి విమల గారి పేరు తెలియదు. ఆవిడ కౌంటరులో కూర్చోలేదు, సూది చేతపట్టలేదు. వరండా చివరి గదిలో ఒక కంప్యూటరు ముందు కూర్చునేవారు. తలసీమియా ఉన్న పిల్లలకు ఒంట్లో రక్తం తగినంత తయారు కాదు. కొద్ది వారాలకొకసారి ఇంకెవరో దానమిచ్చిన రక్తం ఎక్కించుకుంటేనే వాళ్లు ఆడుకోగలరు, చదువుకోగలరు. ఆ పిల్లల్లో ఏ రక్తం గ్రూపు వాళ్లు ఎందరు, ఏ నెలలో ఎందరు వచ్చారు, వచ్చే నెలకు ఎంత రక్తం సేకరించాలి అన్న సంక్షిప్త నివేదికలు తయారు చేయడమే విమల గారి పని. ఎవరి కంటికీ కనిపించని ఆ పనిలో ఆవిడ చూపిన నిష్ఠను ఈ నాలుగు మాటల్లో పదిమందికీ తెలియజేయడం శిష్యురాలిగా నా ధర్మమని భావిస్తున్నాను.

కోస్తా ప్రాంతం నుంచి పిల్లలకు పాఠాలు చెప్పడానికి సికిందరాబాదు వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వారిది. తాను కూడా కొన్నేళ్లు గణితం బోధించి, నడివయసులో కంప్యూటరు నేర్చుకుని, బేగంపేటలో ఒక ఆఫీసులో రిపోర్టులు రాసే ఉద్యోగం చేసి, విశ్రాంతి తీసుకోవలసిన వయసులో మా కేంద్రానికి వచ్చారు. సన్నని మనిషి. ఎప్పుడూ నేత చీరే. ఏదైనా వింతగా తోస్తే తల కొంచెం పక్కకు వాల్చి, "అదేమిటబ్బా!" అనేవారు. ఆ మాటలో కోపం ఉండేది కాదు. మూసిన గుప్పిట్లో ఏముందో అని ఎదురుచూసే పసితనమే ఉండేది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక నెలలో గ్రూపుల వారీగా ఎందరు పిల్లలు వచ్చారో రిపోర్టు తీసి గర్వంగా ఆవిడ ముందు పెట్టాను. చూసి తల వాల్చారు.

"అబ్బో! ఇంతమందా! వీళ్లందరినీ ఎక్కడ కూర్చోబెట్టావు స్వప్నా?"

"అందరొక్కదినమే రారు కద మేడమ్."

"సరే, ఈ పేరు చూడు. ఈ బాబు ఎందరు?"

చూశాను. ఒకే బాబు పేరు వరసగా చాలాసార్లు ఉంది. ఎక్కించిన ప్రతి రక్తం సంచికీ ఒక వరస, పరీక్షకు ఒక వరస, మందులకు మరొక వరస. నేను వరసలన్నీ లెక్కపెట్టి పిల్లలనుకున్నాను. ఒక్కో గ్రూపులో, కేంద్రం పిల్లలకిచ్చే ఒక్కో కార్డు నంబరును ఒక్కసారి మాత్రమే లెక్కించమని కంప్యూటరుకు ఎలా చెప్పాలో ఆవిడ పక్కన కూర్చుని చూపించారు. చూపించి అన్న మాట నేటికీ నా చెవిలో ఉంది: "యంత్రానికి వరసలే తెలుసు. వరస వెనక మనిషి ఉన్నాడని దానికి మనమే చెప్పాలి."

ఆవిడ బోధనా విధానం గురించి ఒక ఉదంతం చెప్పి తీరాలి. మా ట్రస్టీలలో ఇత్తడి సామాన్ల వ్యాపారం చేసే ఒక పెద్దాయన ఉన్నారు. నెలనెలా వచ్చిన పిల్లల సంఖ్యలన్నీ ఆయన కూడితే, ఏడాది మొత్తంగా రిపోర్టు అడుగున ఉన్న సంఖ్య కన్నా ఎంతో ఎక్కువ వచ్చింది. ఆయన సమావేశంలోనే కాగితం ఊపారు.

"ఏందమ్మా ఇది? నెలల లెక్క ఒక తీరు, ఏడాది లెక్క ఇంకో తీరు. నా దుకాణంల గిట్ల వస్తే నేనూకుంటనా?"

విమల గారు నెమ్మదిగా అడిగారు. "సోమవారం మన కేంద్రానికి ట్రస్టీలు ఎందరు వచ్చారండీ?"

"నేనొక్కన్నే వచ్చిన."

"బుధవారం?"

"గప్పుడు సుత నేనే."

"ఇవాళ?"

"ఇగో, నీ ఎదురుంగనే కూసున్న కద."

"అయితే ఈ వారం ముగ్గురు ట్రస్టీలు వచ్చారని రాసుకోమంటారా?"

ఆయన ఒక్క క్షణం బిత్తరపోయి, తరువాత బల్ల చరిచి నవ్వారు. "అరె! నేనొక్కన్నే కదమ్మా, ముగ్గురినెట్లయిత!" అప్పటి నుంచి ఏ కాగితం చేతికిచ్చినా ఆయన వేసే మొదటి ప్రశ్న ఇదే: "ఇది సార్ల లెక్కనా, మనుషుల లెక్కనా?"

ఇక ఆవిడ జీవితంలో నేను కళ్లారా చూసిన ప్రధాన ఘట్టానికి వస్తాను. ఇది జరిగి చాలా ఏళ్లయింది. సంబంధించిన కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను.

రక్తం గ్రూపుల వారీగా ఏడాది రిపోర్టు తీసిన రోజది. మరునాడు విరాళాలిచ్చే దాతలు చూడడానికి రావలసి ఉంది. గ్రూపు గ్రూపుకూ ఉన్న పిల్లల సంఖ్యలను కూడితే, అడుగున ఉన్న కార్డుల మొత్తం కన్నా ఒకటి ఎక్కువ వచ్చింది. మళ్లీ తీశాను. మళ్లీ అదే ఒకటి.

"కంప్యూటర్ల ఏదో గడ్‌బడ్ అయ్యుంటది మేడమ్" అన్నాను.

కార్యదర్శి గారు గుమ్మంలోనే నిలబడి తొందరపెడుతున్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆ కేంద్రాన్ని రెక్కల కష్టంతో నడుపుతున్న మనిషి. "ఒకటే కద, తీసేసి పంపుండ్రి. ఒక్కరి కోసం ఇంత పరేషాన్ ఎందుకు?" అన్నారు.

విమల గారి ముఖంలో ఆ క్షణాన కనిపించిన వెలుగు వర్ణనాతీతం. "అదేమిటబ్బా!" అని కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"నెలల కూడిక పెరిగితే నాకు ఆశ్చర్యం లేదు స్వప్నా. ఒక పాప ఈ నెలా వస్తుంది, వచ్చే నెలా వస్తుంది. రెండు నెలల్లోనూ ఉంటుంది. కానీ ఇవి రక్తం గ్రూపులు. ఒక మనిషి రెండు గ్రూపుల్లో ఎలా ఉంటుంది? ఎవరమ్మా నువ్వు?"

చివరి ప్రశ్న నన్ను కాదు. తెరను అడిగారు.

కార్యదర్శి గారి వైపు తిరిగి, "రిపోర్టు ఇస్తాను. కింద ఒక వాక్యం రాసి ఇస్తాను, ఒకరి విషయం తేలాల్సి ఉందని. తీసెయ్యడం మాత్రం నా వల్ల కాదండీ" అన్నారు. ఆయన విసుక్కుంటూనే ఒప్పుకున్నారు.

ఒకటి కన్నా ఎక్కువ గ్రూపుల్లో ఉన్న కార్డు ఏదో చూపమని కంప్యూటరును అడిగితే ఒకే ఒక పేరు వచ్చింది. అమూల్య. ఎనిమిదేళ్ల పాప. ఒకసారి బీ పాజిటివ్, తరువాత ఓ పాజిటివ్, మళ్లీ బీ, మళ్లీ ఓ.

ల్యాబు యాదగిరిని పిలిపించారు. తప్పు తన మీదికి వస్తుందేమోనని అతను ముందే గట్టిగా మాట్లాడాడు. "మేడమ్, నా చేతుల తప్పు పోదు. ప్రతిసారి పాప నెత్తురు కొత్తగ తీసి, సంచిల నెత్తురుతోని కలిపి చూసినంకనే ఇస్త. బీ వచ్చిననాడు బీ ఇచ్చిన, ఓ వచ్చిననాడు ఓ ఇచ్చిన. కార్డు మీద గ్రూపు తప్పు రాసిండ్రనుకున్న."

విమల గారు అతన్ని ఒక్క మాట అనలేదు. "నీ పరీక్షే ఇన్నాళ్లూ గండం తప్పించింది యాదగిరీ. వెళ్లి పని చూసుకో" అన్నారు.

తరువాత ఆ పాప ఫైలు తెప్పించుకున్నారు. తరచూ రక్తం ఎక్కించే పిల్లల ఒంట్లో ఇనుము పేరుకుపోతుంది. దాన్ని తగ్గించడానికి మాత్రలు ఇస్తారు. మోతాదు పాప బరువును బట్టి, ఇనుము మట్టాన్ని బట్టి ఉంటుంది. ఆ ఫైలులో బరువు ఒకసారి పెరుగుతోంది, మరుసటిసారి తగ్గుతోంది. ఇనుము కూడా అంతే. తల్లి మాత్రలు సరిగా వేయడం లేదని డాక్టరు గారు రెండు మూడుసార్లు మందలించారు కూడా. మోతాదు పెంచారు.

విమల గారు ఆ బరువులన్నీ తెర మీదే రెండు గుంపులుగా విడదీశారు. బీ వచ్చిన రోజులవి ఒక పక్క, ఓ వచ్చిన రోజులవి ఇంకో పక్క. నేను ఆవిడ భుజం మీదుగా చూస్తున్నాను. అంతవరకు ఎగుడుదిగుడుగా ఉన్న అంకెలు రెండు వైపులా బుద్ధిగా పైకి పెరుగుతూ పోయాయి. ఒక వైపు పాప కాస్త బరువు, రెండో వైపు పాప బాగా తక్కువ.

"అమూల్యలు ఇద్దరు స్వప్నా" అన్నారు. ఆ మాట అన్నాక ఆవిడ ముఖంలో కుతూహలం పోయి భయం వచ్చింది. "పెద్ద పాపకు రాసిన మాత్రలు చిన్న పాప కూడా మింగుతోందేమో!"

డాక్టరు గారికి చెబితే ఆమె కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ మోతాదు చిన్న ఒంటికి ఎక్కువైతే చెవులకు, మూత్రపిండాలకు ప్రమాదమట. అప్పటికప్పుడు కార్డు మీది నంబరుకు ఫోను చేసి, పాపకు మాత్రలు ఆపేయమని, వెంటనే తీసుకురమ్మని ఆమే స్వయంగా చెప్పారు. ఇద్దరి సంగతి ఎత్తలేదు. ఎత్తితే బెదిరిపోయి అసలు రారేమోనని విమల గారు వారించారు.

మరునాడు ఉదయం వరండా బెంచీ మీద పద్మ కూర్చుని ఉంది. కార్డులో తల్లిగా ఉన్న పేరు ఆమెదే. ఒళ్లో ఆనుకుని పాలిపోయిన చిన్న పాప; ఆ వారం రావలసిన వంతు తనదే. విమల గారు తన గది వదిలి వచ్చి, వాళ్ల పక్కనే బెంచీ మీద కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను.

"నీ పేరేంటమ్మా?"

పాప ముందు పద్మ ముఖంలోకి చూసింది. తరువాత, "అమూల్య" అంది.

"ఏం చదువుతున్నావు?"

మళ్లీ పద్మ ముఖంలోకి చూపు. "మూడో తరగతి."

విమల గారు ఇంకేమీ అడగలేదు. ఎదురుగా గోడ మీద పోతున్న ఉడుతను చూపించి, అది ఎక్కడ కాపురముంటుందో అని పాపతో ముచ్చట పెట్టారు. పాప ఉత్సాహంగా జవాబులు చెప్పింది. మాటల మధ్యలో వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, దూప అయితుంది" అంది.

నీళ్ల సీసా మూత తిప్పుతున్న పద్మ చెయ్యి ఆగిపోయింది.

విమల గారు ఆ సీసా అందుకుని, మూత తీసి, పాపకు నీళ్లు తాగించారు. అప్పుడు పద్మ ఒక్కసారిగా ఏడ్చేసింది.

"మేడమ్, మీ కాళ్లు మొక్కుత. ఈమె మా చెల్లె బిడ్డ, అక్షయ. అక్కచెల్లెండ్లను ఇద్దరిని ఒక్కింట్లకే ఇచ్చిండ్రు, అన్నదమ్ములకు. ఇద్దరి పిల్లలకు గిదే బీమారి వచ్చింది. నా బిడ్డకు మీ తాన కార్డు దొరికింది. దీనికి జాగ లేదు, ఆగుమన్నరు. మనిషి ఆగుతది గని నెత్తురు ఆగుతదా మేడమ్? మా చెల్లె హాస్టల్ల వంట చేస్తది, సెలవియ్యరు. అందుకే ఇద్దరినీ నేనే తెస్త. ఒకరొచ్చిన వారం ఇంకొకరు రారు. డాక్టరమ్మ మాత్రలు ఇస్తే, ఇద్దరికీ గవ్వే ఏసినం. ఒక్కటే బీమారి కద అని."

"చెవుల్ల గుయ్యిమంటుంది" అంది పాప మధ్యలో, తనకు సంబంధించిన మాట వచ్చిందని గ్రహించి.

విమల గారు కళ్లు మూసుకున్నారు. తెరిచి, పద్మ చెయ్యి పట్టుకున్నారు. "నిన్ను నిలదీయడానికి రాలేదమ్మా. మా లెక్కలో ఒకరు ఎక్కువ వచ్చారు. ఆ ఒక్కరు ఎవరో చూద్దామని వచ్చాను. ఈ తల్లేనన్నమాట!" అని వంగి, "నీ పేరు ఇంకోసారి చెప్పు" అన్నారు.

పాప పద్మ ముఖంలోకి చూడకుండానే చెప్పింది. "అక్షయ."

ఆ రోజు డాక్టరు గారు కొత్త కాగితం మీద అక్షయ పేరు రాయించి, పరీక్షలన్నీ మొదటి నుంచి చేయించారు. దైవకృప వల్ల పెద్ద హాని జరగలేదు. మాత్రలు ఆపిన కొన్నాళ్లకు చెవుల్లో హోరు తగ్గింది. అమూల్యకూ అక్షయకూ ఎవరి మోతాదు వాళ్లకు నిర్ణయించారు.

కథ అక్కడితో సుఖాంతమైందని చెప్పగలిగితే బాగుండేది. ట్రస్టీల సమావేశంలో కార్యదర్శి గారు నియమాల పుస్తకం తీశారు. ఒకరి కార్డు మీద ఇంకొకరు వస్తే కార్డు రద్దు. "నాకు సుత పానం నొస్తది మేడమ్. రేపు అందరూ గిట్లనే చేస్తే మనం ఆగగలుగుతమా? ఉన్న నెత్తురే సాలుతలేదు. జాగ ఉంటే నేనే రాస్తుంటి" అన్నారు. ఆయన మాటలో అబద్ధం లేదు. మా దగ్గర ఇంతమందికే అని ఒక పరిమితి ఉంది. బయట నిరీక్షించే పిల్లలూ ఉన్నారు.

విమల గారు వాదనకు దిగలేదు. ఒక్క ప్రశ్న వేశారు. "మన దగ్గర పిల్లలు ఎందరున్నారండీ?"

"కార్డులున్నయి కద."

"కార్డులు ఉన్నాయి. పిల్లలెందరు? ఒక కార్డు మీద ఇద్దరు వచ్చిన సంగతే మనకు తెలియలేదు. ఒక పాపకు రెండు కార్డులు లేవని ఎలా చెప్పగలం?"

ఇత్తడి సామాన్ల ట్రస్టీ గారు కార్యదర్శి గారి వైపు తిరిగారు. "ఆమె అడిగింది వాజిబే. తేలేదాక ఎవ్వరి కార్డు తియ్యొద్దు, ఆ పోరిని ఆపొద్దు" అన్నారు.

ఆ తరువాత విమల గారు, నేను చేసిన శ్రమ చెప్పనలవి కాదు. ఊరు మారి తిరిగొచ్చినవాళ్లకు, కార్డు పోగొట్టుకున్నవాళ్లకు కౌంటరులో కొత్త నంబర్లు ఇచ్చేశారు. ఒకే పేరు ఒకచోట ఒక విధంగా, ఇంకోచోట ఇంకో విధంగా రాశారు. కంప్యూటరుకు అవి వేరు వేరు మనుషులు. అనుమానం వచ్చిన ప్రతి జంటకూ విమల గారు ఫోను చేసి మాట్లాడేవారు.

ఒకసారి ఇద్దరు సాయికుమార్‌లు తగిలారు. అదే పేరు, అదే వయసు, అదే బస్తీ. ఒక్కరే అని కలిపేయబోయాను. ఆవిడ నా చెయ్యి ఆపి ఫోను చేశారు. అటువైపు తల్లి పకపకా నవ్వింది. "అయ్యో మేడమ్, మా గల్లీల సాయికుమార్లు ఇంక ఇద్దరున్నరు! మీ తాన రెండో ఆయన మా ఎదురింటి పిలగాడు." ఫోను పెట్టి విమల గారు అన్న మాటను నేను గురుబోధగా స్వీకరించాను: "ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకరు కారు. వేరుగా రాసినంత మాత్రాన ఇద్దరు కారు. అడిగి తెలుసుకోవాలి. అంతకు మించిన ఉపాయం లేదు."

ఇంకొక ఫోను నేను మరువలేనిది. చాలా కాలంగా రాని ఒక బాబు గురించి అడగబోతే, బాబు చనిపోయాడని తల్లి చెప్పింది. విమల గారు ఆ కబురు రాసుకుని ఫోను పెట్టెయ్యలేదు. బాబు పేరెవరు పెట్టారు, ఏం ఆటలాడేవాడు, ఏం తినేవాడు అని అడుగుతూ కూర్చున్నారు. ఆ తల్లి చెబుతూనే ఉంది. తనను ఈ మధ్య ఎవరూ వాడి గురించి అడగడం లేదట. అంతా అయ్యాక, వరస తీసేయమంటారా అని నేను అడిగాను.

"తియ్యకు" అన్నారు. "ఇప్పుడు వస్తున్న పిల్లల లెక్కలోంచి బయటికి తెద్దాం. మన దగ్గరికి వచ్చిన పిల్లల లెక్కలో మాత్రం వాడు ఎప్పటికీ ఒకడు."

చివరికి తేలిందేమంటే, కార్డుల కన్నా పిల్లలు తక్కువ. పరిమితి నిండిందని మేమంతా నమ్మిన చోట ఖాళీలున్నాయి. అక్షయకే కాదు, బయట నిరీక్షిస్తున్న మరికొందరికీ చోటు దొరికింది. కార్యదర్శి గారు ఆ కాగితాన్ని చాలాసేపు చూసి తన పెన్ను తీశారు. అక్షయ కార్డు మీద పేరు ఆయనే రాశారు. రాసి, పద్మను పిలిచి, సరిగా రాశానా అని చదివించి మరీ ముద్ర వేశారు. నాటి నుంచి పరీక్షలో వచ్చిన గ్రూపు కార్డులోని గ్రూపుతో కలవకపోతే కంప్యూటరు ముందుకు కదలకుండా విమల గారు కట్టడి చేశారు.

ఇదంతా చదివి ఆవిడను గంభీరమూర్తిగా ఊహించుకోకండి. ఆ కుతూహలం ఇంట్లో వాళ్లకూ మాకూ కొంత తక్లీఫే. మెట్రోలో ఎదుటివారి సంచీ మీది బొమ్మ గురించి ఆలోచిస్తూ దిగవలసిన స్టేషన్ దాటిపోయేవారు. అన్నం డబ్బా తెరవకుండా తిరిగి ఇంటికి తీసుకుపోయేవారు. అడిగిందే అడుగుతున్నారని కౌంటరులోని ఆడపిల్లలు ఆవిడ రాగానే పనున్నట్టు లేచిపోవడం నేనెరుగుదును. ఒకసారి నేను కాప్రా వెళ్లినప్పుడు, దంపతులిద్దరితో కలిసి చెరువు గట్టున నడిచాను. అక్కడొక గుంజ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. విమల గారు ఆగిపోయారు.

"నిన్న ఇక్కడ కూర్చున్నది ఇదేనా, ఇంకోటా?"

"ఏ పిట్టయితే మనకేముంది విమలా, నడువు" అన్నారు ప్రభుదాసు గారు.

"మనకేమీ లేదండీ. దానికి ఉంటుందిగా" అన్నారావిడ, అక్కడినుంచి కదలకుండా.

ఇంతటి విషయం జరిగినా, కేంద్రంలోని పిల్లల సంగతులు ఆవిడ ఏనాడూ ఇంటి గడప దాటించలేదు. జబ్బు ఎవరిదో వాళ్లదే, చెప్పుకునే హక్కూ వాళ్లదే అని ఆవిడ నమ్మకం. అందుకే అంత్యక్రియల నాడు, చర్చిలో ప్రార్థన ముగిసి అందరం సమాధుల దగ్గర నిలబడినప్పుడు, ప్రభుదాసు గారు నన్ను పక్కకు పిలిచి అడిగారు.

"స్వప్నా, ఆ ఇద్దరు అమ్మాయిలూ ఎవరమ్మా? పొద్దున్నుంచి నిలబడే ఉన్నారు. మా బంధువులు కారు, చర్చివాళ్లూ కారు."

అమూల్య, అక్షయ. ఇద్దరూ ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు. వెనక పద్మ, ఆమె చెల్లెలు. అక్షయకు రక్తం ఎక్కించుకోవలసిన వారం కావడంతో ముఖం పాలిపోయి ఉంది. కూర్చోమని ఎవరో కుర్చీ తెచ్చినా వద్దంది. ఆమె కథ చెప్పడానికి నేనెవరిని? అక్షయను పిలిచి, "సార్ అడుగుతున్నరు, నువ్వే చెప్పు" అన్నాను.

అక్షయ ఆయన ఎదుట నిలబడింది.

"మేడమ్ నన్ను దొర్కవట్టింది తాతా" అంది.

మా వైపు దొంగను పట్టుకున్నా ఆ మాటే, పోయిన వస్తువును వెతికి తెచ్చినా ఆ మాటే. కోస్తా మాటలో పెరిగిన ప్రభుదాసు గారికి మొదటి అర్థమే తోచింది. ఆ దుఃఖంలోనూ ఆదుర్దాగా అడిగారు. "ఏం తప్పు చేశావమ్మా?"

"తప్పేం చెయ్యలే తాతా. తప్పిపోయిన. మేడమ్ దొర్కవట్టింది."

పెద్దాయన ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని అలాగే నిలబడిపోయారు. తరువాత ఆయన, అమూల్య, అక్షయ ముగ్గురూ కలిసి పిడికిళ్లతో మట్టి వేశారు. నేనూ వేశాను. ఇకముందు మా కేంద్రంలో రిపోర్టులు వస్తూనే ఉంటాయి, అంకెలు సరిపోతూనే ఉంటాయి. సరిపోని అంకె ఎదురైన రోజున విసుగు లేకుండా "ఎవరమ్మా నువ్వు?" అని అడిగే ఆ కంఠం మాత్రం మాకిక లేదు. ఆ ప్రశ్నకు, అది అడిగిన తల్లికి, కన్నీటితో చేతులు జోడిస్తున్నాను.